మౌసు దానంతటదే కదిలిన రోజు

కంప్యూటర్ 'టంగ్'మని మోగితే నేను ఇప్పటికీ మౌసు మీంచి చెయ్యి తీసేస్తాను. మొన్న నాగర్‌కర్నూల్‌లోని నా రిపేరు దుకాణానికి ఒకాయన లాప్‌టాప్ తెచ్చి, అందులోని పాత సాఫ్ట్‌వేర్ ఎంతకీ పోవడం లేదన్నాడు. తీసెయ్యమని నొక్కాను. టంగ్. 'ఈ ప్రోగ్రాం వాడుకలో ఉంది' అని వచ్చింది. వాడేవాడు ఎవడూ లేడు, లాప్‌టాప్ నా ముందే ఉంది. ఎవరైనా విసుక్కుని మళ్లీ నొక్కుతారు. నాకు విసుగు రాదు, భయమేస్తుంది. ఖాజా సార్ గుర్తొస్తారు.

ఆయన గద్వాలలో నాకు పని నేర్పిన యజమాని. నేతవాళ్ల ఇళ్లలో చీరల అంచులు కంప్యూటర్ మీద గీయడం మొదలైన కొత్తలో, ఇంటింటికీ వెళ్లి మిషన్లు పెట్టి, ఓపిగ్గా నేర్పింది ఆయనే. ఆ ఓపిక నాతో మాత్రం ఉండేది కాదు. మొండికేసిన ప్రోగ్రాంను నేను బలవంతంగా చెరిపేయబోతే చేతి మీద ఒక్కటి వేసేవారు. "పోతలేదంటే దాన్ని ఎవరో పట్టుకున్నరన్నట్టు. ముందుగాల ఎవరో చూడు బిడ్డా" అనేవారు. నేను బుద్ధిగా తలూపేదాన్ని. తలూపడానికి ఏం పోయింది, అర్థం కావాలి కదా.

అర్థమైంది నాగమణమ్మ ఇంట్లో. ఆమె ఇంట్లో మగ్గాలున్నాయి. అంచులన్నీ ఆమె సొంత ఊహే, ఒకరి డిజైను చూసి గీసే మనిషి కాదు. అంతకుముందు ఏడాది ఆమె గీసిన చింతపువ్వు అంచు, ఆమె చీర మగ్గం దిగకముందే, మిషన్ నేతలో బజారుకొచ్చేసింది. ఆ కంప్యూటర్ ముందు ఆమె కాక కూర్చునేది మరిది శేఖర్ ఒక్కడే. "ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టడు" అని అతన్ని నిలబెట్టి అడిగింది. ఒట్టేసినా నమ్మలేదు. శేఖర్ ఇల్లు వదిలి వనపర్తిలో బట్టల దుకాణంలో పనికి కుదిరాడు. వదినా మరుదుల మధ్య మాటలు లేవు.

ఆ తర్వాత కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని ఆమె మమ్మల్ని పిలిచింది. సార్ నన్ను ముందు కూర్చోబెట్టి, పాతవన్నీ తీసెయ్యమన్నారు. అన్నీ పోయాయి, ఒక్కటి తప్ప. దాని పేరు కూడా నేను ఎప్పుడూ వినలేదు. వాడుకలో ఉందంటుంది. ఆపితే ఆగుతుంది, అంతలోనే మళ్లీ లేస్తుంది. నేను చేయి తీసి సార్ వైపు తిరిగాను. ఆయన నా వైపు చూడటం లేదు. తెర మీద బాణం దానంతటదే కదులుతోంది.

మౌసు మీద ఎవరి చెయ్యీ లేదు. అప్పుడే చాయ్ తెచ్చిన నాగమణమ్మ మాత్రం తొణకలేదు.

"అప్పుడప్పుడు గట్లనే తిరుగుతది. మౌసు పాతదైందేమో అనుకున్న" అంది.

బాణం నింపాదిగా అంచుల ఫోల్డర్ తెరిచింది. ఇంకా మగ్గం మీదే ఉన్న కొత్త అంచు మీదికెళ్లి ఆగింది. సార్ ఒక్క ఉదుటున లేచి నెట్ వైరు పీకేశారు. బాణం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. మా కళ్లముందే, ఎక్కడో కూర్చుని ఎవడో ఆ ఇంట్లో తిరుగుతున్నాడు.

ఈసారి తీసెయ్యాలంటే ఆ ప్రోగ్రాం పాస్‌వర్డ్ అడిగింది. సార్ ముందుకు వంగి ఏదో కొట్టారు. మొదటిసారికే ఒప్పుకుంది. నేను బిత్తరపోయాను.

"మీకెట్ల తెలుసు సార్?"

"నేనే పెట్టిన."

కొత్తలో చిన్న చిన్న తిప్పలకు ఇంటింటికీ రాలేక, తన దుకాణం నుంచే అందరి కంప్యూటర్లూ చూసి సరిచేసే సాఫ్ట్‌వేర్ అది. పెట్టి మరిచిపోయారు. తనకు గుర్తుండాలని అన్ని ఇళ్లలోనూ ఒకే మాట పెట్టారు. నాగమణమ్మ ఆ మాటేందని అడిగింది. సార్ తల దించుకుని "కుప్పడం" అన్నారు. పత్తి చీరకు పట్టు అంచును కలిపే మా గద్వాల నేతకు పేరది. తాళంచెవి నడిబజారులో వేలాడదీసినట్టే. చీరల బేరంతో సంబంధమున్న ఎవడైనా ముందు కొట్టి చూసే మాటే అది.

ఆమె తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. గోడకు ఒరిగి, "అంటే మా శేఖర్ కాదా సార్?" అంది.

ఆ పాడుపని చేసినవాడెవడో ఇప్పటికీ తెలియదు. సార్ తక్కిన ఇళ్లన్నింటికీ వెళ్లి, గడప దగ్గరే తన తప్పు చెప్పి, దాన్ని తీసేశారు. వాటికంటే ముందు, ఆ మర్నాడే, నాగమణమ్మతో కలిసి మేం ముగ్గురం వనపర్తి బస్సెక్కాం. ఫోన్లో చెప్పొచ్చు కదా సార్ అన్నాను. "నింద నలుగుర్ల పడ్డది. ఫోన్ల ఎట్ల పోతది?" అన్నారు.

బట్టల దుకాణంలో శేఖర్ చీరలు మడతపెడుతున్నాడు. సార్ షావుకారు ముందు, కొనడానికొచ్చిన గిరాకీల ముందు నిలబడి, "నీ మీద పడ్డ దొంగతనం నా వల్ల అయింది. నేను పెట్టిన దాంట్లకెళ్లి దొంగ వచ్చిండు" అన్నారు. శేఖర్ మడత ఆపలేదు.

"గా చింతపువ్వు చీరలు ఈడికి గూడ వచ్చినయి సార్. నేనే మడతపెట్టి అమ్మిన. ఇది మా వదినె అంచు అని ఒక్కరితోనన్న అనలె. అంటె, దొంగనే చెప్తుండు అంటరు గద" అన్నాడు.

ఆ మాటకు సార్ నా భుజం పట్టుకున్నారు.

"వదినె రమ్మన్నదా?" అని అడిగాడు శేఖర్.

"రమ్మననీకె మొఖం చెల్లక, బయట చెప్పుల కాడ నిలబడ్డది."

శేఖర్ చీర వదిలేసి బయటికి నడిచాడు. అక్కడ వాళ్లేం మాట్లాడుకున్నారో మేం వినలేదు. వినడానికి మేమెవరం.

సార్ ఇప్పుడు లేరు. నేను ఎన్నో కంప్యూటర్లు బాగుచేశాను. ఏది మొండికేసినా, దాన్ని తిట్టేముందు, కస్టమరును అనుమానించేముందు, ఇది పెట్టిందెవరని అడుగుతాను. ఒక్కోసారి "నువ్వే గదమ్మా పెట్టింది" అంటారు. అప్పుడు గొంతు తగ్గించను. దుకాణంలో ఎంతమంది ఉన్నా, వాళ్లందరికీ వినబడేలా, "అవును, నేనే పెట్టిన" అంటాను.