సాబిరా మోసిన మాటలు

ఇస్మాయిల్, మజీదు ఇరవై తొమ్మిదేళ్ళు మాట్లాడుకోలేదు. ఆస్తి తగాదా కాదు, ఆడపిల్ల తగాదా కాదు. చెడుగుడు. చెప్పుకుంటే సిగ్గుచేటే గానీ, అక్కణ్ణుంచి మొదలుపెట్టకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

మేం ముగ్గురం నరసరావుపేటలో ఒకే బడి, ఒకే తరగతి, ఒకే బెంచీ. నేను ఆటలకి పనికిరాను కాబట్టి వాళ్ళ చొక్కాలకి కాపలా. ఎస్సెల్సీ చదివే ఏడు సత్తెనపల్లి జట్టుతో ఆఖరి ఆట పడింది. కూతకు వెళ్ళిన ఇస్మాయిల్ ఇద్దర్ని తాకాడు. మూడోవాడు కాలు పట్టుకుంటే వాణ్ణి కూడా ఈడ్చుకొచ్చి గీత మీద చెయ్యి పెట్టాడు. మేం గంతులేస్తుంటే డ్రిల్లు మాస్టారు, "కూత మధ్యలో ఆగిందా?" అని అడిగాడు. ఎవరూ నోరు మెదపలేదు. మజీదు మాత్రం, మా జట్టు మజీదే, "ఆగింది సార్" అన్నాడు. ఓడిపోయాం.

"ఆగలేదు" అన్నాడు ఇస్మాయిల్. "ఆగింది" అన్నాడు మజీదు. ఇద్దరూ నా వైపు తిరిగారు. గాలికి నాకు వినపడలేదన్నాను. కొట్టువాడి కొడుకుని, ఎవరితోనూ చెడటం నా ఒంట్లో లేదు. ఆ రోజు తర్వాత వాళ్ళిద్దరూ నేరుగా ఒక్క మాట అనుకోలేదు.

అక్కడితో పోతే పిల్లకాయల గొడవ. కానీ అయిదేళ్ళకి పెద్దవాళ్ళు కూర్చుని ఇస్మాయిల్‌కి మజీదు చెల్లెలు సాబిరాని ఖాయం చేశారు. వీళ్ళిద్దరూ మాట్లాడుకోవడం లేదన్న సంగతి పెద్దవాళ్ళ చెవిన వేసే దమ్ము ఇద్దరికీ లేదు. ఎందుకురా అని అడిగితే చెడుగుడు అని చెప్పాలి మరి. నికా జరిగిపోయింది. ఇస్మాయిల్ మా కిరాణా కొట్టు పక్కనే రేకుల కొట్టు పెట్టి ట్రంకు పెట్టెలు చెయ్యడం మొదలెట్టాడు. మజీదుకి రైల్వేలో పాయింట్స్‌మన్ ఉద్యోగం వచ్చి నడికుడి వెళ్ళిపోయాడు.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. వీళ్ళ మాట పెదవి దాటితే సాబిరా దాకానే వెళ్ళేది. పండక్కి మజీదు వస్తే బావామరుదులిద్దరూ ఒకే చాప మీద కూర్చునేవాళ్ళు.

"ఏమే, టీలో చక్కెర చాలకపోతే అడగమని మీ అన్నకి చెప్పు."

"చాలిందని మీ ఆయనకి చెప్పమ్మా."

సాబిరా అటు తిరిగి ఒకసారి, ఇటు తిరిగి ఒకసారి చెప్పేది. ఊరికే చెప్పడం కాదు. "చాలింది" అన్న మాట ఆమె నోట్లో పడితే "మీ ఇంట్లో టీ తాగితే ఇంకెక్కడా తాగబుద్ధి కాదంటున్నాడు అన్న" అయ్యేది. నడికుడి వెళ్ళొస్తే భర్తతో, "నీ ఆరోగ్యం ఎట్టా ఉందని మరీ మరీ అడిగాడు" అనేది. మజీదు అడిగి ఉండడు. నాకు తెలుసు, సాబిరాకి తెలుసు, బహుశా ఇస్మాయిల్‌కీ తెలుసు. అయినా ఆ పూట ఇస్మాయిల్ ఒక ముద్ద ఎక్కువ తినేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఊరికే అనలేదు. ఇరవై మూడేళ్ళు ఆ ఇల్లు సాబిరా నోటి మీద నిలబడింది.

ఎనభై అయిదు చివర్లో సాబిరా చనిపోయింది. కడుపులో గడ్డ. ఇంట్లో నాలుగు నెలలు, గుంటూరు ఆసుపత్రిలో తొమ్మిది రోజులు. తెల్లవారుతుండగా ప్రాణం పోతే మధ్యాహ్నానికి ఇంటికి తెచ్చారు. నడికుడికి కబురు పంపింది నేనే, దాచేపల్లి బస్సు కండక్టరు చేత. మజీదు డ్యూటీ దిగి, బస్సు పట్టుకుని వచ్చేసరికి మట్టి ఇచ్చేశారు. ఖబరస్తాన్ గేటు దగ్గర నిలబడి నలుగురూ వినేటట్టు అన్నాడు.

"జబ్బని ఒక్క ముక్క చెప్పలా నాకు. చచ్చినాక పిలిచాడు. ఈడి గడప తొక్కను నేను."

ఇస్మాయిల్ పదడుగుల దూరంలో ఉన్నాడు. విన్నాడు. తల తిప్పలేదు. నాకు ఆ రోజు ఇస్మాయిల్ మీద ఒళ్ళు మండింది. తోడబుట్టినవాడికి చెప్పకపోవడం ఏం పౌరుషం? ఎప్పుడో బళ్ళో ఆగిన కూతకి ఇంత కక్షా? ఆ మాట మొహం మీదే అన్నాను.

అప్పట్నుంచీ మనిషి మొద్దుబారిపోయాడు. ఏడవలేదు. నాలుగో రోజున కొట్టు తెరిచి రేకు వంచడం మొదలెట్టాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. ఒకరోజు సుత్తి బొటనవేలి మీద పడి నెత్తురు కారింది. "చూసుకోవయ్యా" అని నేను మొత్తుకుంటే ఆ వేలు ఎవరిదో అన్నట్టు చూసి మళ్ళీ పనిలో పడ్డాడు. కూతురు చాంద్ బీ, "నాన్న నాతో కూడా మాట్టాడటంలా, కోటిలింగం మామా" అని మా ఇంట్లో కూర్చుని ఏడ్చింది. ఏం చెప్పను? పిల్లకి తల్లి పోయింది, తండ్రి ఉండీ లేనట్టున్నాడు.

చాంద్ బీ సంబంధం సాబిరా తను ఉండగానే కుదిర్చింది. క్రోసూరులో రేడియోలు బాగుచేసే హబీబ్. ఎనిమిది నెలలాగి, ఎనభై ఆరులో నికాకి రోజు అనుకున్నారు. అక్కడ పడింది పీటముడి.

వాళ్ళ పద్ధతిలో పెళ్ళికూతురు తరఫున ఒక వకీలు ఉండాలి. కోర్టు వకీలు కాదు, ఇంటి మనిషి. ఇద్దరు సాక్షుల్ని వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళి, ఈ పెళ్ళి నీకు ఇష్టమేనా అని పిల్లని అడిగి, ఆమె మాట తెచ్చి ఖాజీకి చెప్పాలి. ఆ వకీలుని తండ్రి నిలబెట్టాలి.

చాంద్ బీ తండ్రి ముందు నిలబడి చెప్పింది. "మజీదు మామే వకీలుగా రావాల నాన్నా. అమ్మ అనుకున్నది అదే. ఇంకెవరన్నా వచ్చి అడిగితే నేను నోరు తెరవను."

"సరే" అన్నాడు ఇస్మాయిల్.

"సరే అంటే? నువ్వు పోయి పిలుస్తావా?"

ఇస్మాయిల్ నా వైపు చూశాడు. సాబిరా పోయాక ఆ ఉద్యోగం నా నెత్తిన పడిందని అప్పుడు తెలిసింది.

నడికుడి వెళ్ళాను. మజీదు స్టేషను పక్కన రాతి బల్ల మీద కూర్చోబెట్టి టీ పోయించాడు. అంతా విన్నాడు.

"పిల్ల కోసం వస్తాను. గడప తొక్కను. వకీలుగా నిలబడాలంటే మాత్రం నా చెల్లెలి జబ్బు సంగతి నాకెందుకు చెప్పలేదో ఆడు చెప్పాల. ఆ ఒక్కటీ చెప్పమను."

తిరిగొచ్చి ఆ మాట ఉన్నదున్నట్టు ఇస్మాయిల్‌కి అప్పజెప్పాను. నాకు సాబిరాలాగా తీపి కలపడం చేతకాదు. అతను రేకు అంచు మడుస్తూనే ఉన్నాడు.

"పెళ్ళికొస్తానన్నాడా?"

"వస్తాడంట."

"సరే."

పెళ్ళి రోజున ఇంటి ముందు వీధిలో షామియానా వేశారు. మజీదు పొద్దున్నే వచ్చాడు. ఇనపకుర్చీ ఒకటి గడపకి సరిగ్గా మూరెడు దూరంలో వేసుకుని కూర్చున్నాడు. గడప పక్కన అరుగు మీద ఇస్మాయిల్. ఇద్దరి మధ్యా నేను, కొత్త పంచె కట్టుకుని.

"కోటిలింగం, పందిరి తాడు వదులైంది, చెప్పు" అన్నాడు మజీదు.

నేను ఇటు తిరిగి, "తాడు వదులైందంట."

"కట్టమను."

అటు తిరిగి, "కట్టమంటున్నాడు."

"ఇనపడింది."

క్రోసూరు వాళ్ళు పడీపడీ నవ్వారు. వంటాయన గరిటె పట్టుకుని వచ్చి మరీ చూశాడు. ఒక ముసలాయన, "ఏంది శెట్టిగారూ, ఈళ్ళిద్దరికీ చెవుడా?" అన్నాడు. నాకూ నవ్వాగలేదు. సినిమాగా తీస్తే వంద రోజులు ఆడే సరుకు. ఆ నవ్వుల మధ్య ఇస్మాయిల్ మొహం మాత్రం కొత్త రేకులా ఉంది, ఒక్క గీత లేదు. సాబిరా ఈ పని ఇరవై మూడేళ్ళు చేసిందని గుర్తొచ్చి నా నవ్వు నాకే చేదైంది.

మధ్యాహ్నం నమాజు అయ్యాక పెళ్ళికొడుకుని కూర్చోబెట్టారు. ఖాజీగారు పుస్తకం తెరిచి, "వకీలు ఎవరు?" అన్నారు.

నేను గొంతు సవరించుకుని, "మజీదు అండి. ఇస్మాయిల్ నిలబెడుతున్నాడు" అన్నాను.

"మీరు కూర్చోండి శెట్టిగారూ. తండ్రి తన నోటితో చెప్పాల. దీంట్లో మధ్యవర్తులుండరు."

జనం మళ్ళీ నవ్వారు. నేను కూర్చున్నాను. మజీదు లేచాడు. ఎప్పటిలాగా నాతోనే అన్నాడు గానీ చూపు మాత్రం ఇస్మాయిల్ మీదే ఉంది.

"నేనడిగింది ముందు చెప్పమను కోటిలింగం. నా చెల్లెలికి జబ్బని నాకెందుకు చెప్పలా?"

నవ్వులు ఆగిపోయాయి. లోపల గదిలో ఆడవాళ్ళ మాటలు కూడా ఆగాయి. చాంద్ బీ వింటూ ఉంటుంది. ఈ మాటకి జవాబు రాకపోతే వకీలు లేడు, వకీలు లేకపోతే ఆ పిల్ల నోరు తెరవదు. క్రోసూరు పెద్దలు అప్పుడే ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. నేను ఆ ప్రశ్న మోసుకెళ్ళలేదు.

ఇస్మాయిల్ తల ఎత్తి నేరుగా మజీదునే చూశాడు.

"చెప్పాను."

ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత మొదటి మాట అది. మజీదు దెబ్బ తిన్నట్టు చూశాడు.

"ఎవరికి చెప్పావ్?"

"దానికే. నీకు ఎప్పుడేం చెప్పాలన్నా దానికేగా చెప్పేది? కడుపునొప్పి మొదలైన వారానికే, మీ అన్నకి చెప్పవే, ఒకసారి వచ్చి పొమ్మను అన్నా. చెప్పానంది. అన్నకి సెలవు దొరకలేదంట, కంగారుపడొద్దన్నాడంది. నువ్వు రావట్లేదని నేను పళ్ళు కొరుక్కుంటా కూర్చున్నా."

"మరి ఆ రోజు గేటు దగ్గర నేనంత మాటన్నా ఎందుకు నోరు తెరవలా?"

"అప్పుడే అర్థమైంది నాకు, అది నీకు చెప్పలేదని. అప్పుడే మట్టిలో పెట్టొచ్చా. దాని మీద నేరం ఎట్టా వేసేది?"

ఎనిమిది నెలలు ఆ మాట మీద కూర్చున్నాడు మనిషి. నేను కూడా నోటికొచ్చినట్టు తిట్టాను, పడ్డాడు. నాకు నా మీద అసహ్యం వేసింది. పక్క కొట్టువాణ్ణి, సాబిరా రోజురోజుకీ చిక్కిపోవడం కళ్ళారా చూసినవాణ్ణి. అన్నకి తెలిసే ఉంటుందిలే అనుకుని పప్పులు జోకుతూ కూర్చున్నాను. సాబిరా మీద కూడా కోపం వచ్చింది. ఇన్నేళ్ళు లేని మాటలు కల్పించి మోసినదానివి, ఉన్న ఒక్క మాట మొయ్యలేకపోయావా తల్లీ?

మజీదు కుర్చీలో కూలబడ్డాడు. తనలో తను చెప్పుకున్నట్టు అన్నాడు.

"బక్రీదుకి నడికుడి వచ్చింది. అప్పటికే సగమైంది మనిషి. ఏంది చెల్లీ ఇట్టా అయ్యావ్, గుంటూరు తీసకపొమ్మని మీ ఆయనకి చెప్పు అన్నా. చెప్పాను, మందులిప్పిస్తున్నాడు, చానా తగ్గిందంది. నేనూ దానికే చెప్పా బావా."

ఖాజీగారు పుస్తకం మూసి వేలు మధ్యలో ఉంచుకున్నారు.

"చివర్లో ఏమన్నా అన్నదా?" అని మజీదు అడిగాడు.

ఇస్మాయిల్ పెట్టె కొలతలు చెప్పే గొంతుతోనే చెప్పాడు.

"ఆఖరి రోజు పొద్దుగూకాక కళ్ళు తెరిచింది. అన్న వచ్చాడా అనడిగింది. బస్సెక్కాడంట, దారిలో ఉన్నాడంట అన్నా. ఏం చెప్పి పంపాడంది. బంగారు తల్లి, దిగులు పెట్టుకోవద్దు, నేను వస్తన్నాగా అని చెప్పమన్నాడు అన్నా. నువ్వు అన్నట్టే చెప్పా. నమ్మింది."

మజీదు పైగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అతని భుజాలు ఎగిరెగిరి పడుతుంటే పక్కనున్న మరియదాసు, బ్యాండు మేళం అతను, నీళ్ళ చెంబు తెచ్చి చేతికిచ్చాడు. ఇస్మాయిల్ కంట్లో మాత్రం చెమ్మ లేదు. అతను అరుగు దిగి వచ్చి, బావమరిది ఏడుపు ఆగేదాకా కుర్చీ పక్కన నిలబడ్డాడు. తర్వాత ఖాజీగారి వైపు ఒకసారి చూసి మజీదు చెయ్యి పట్టుకుని లేపాడు.

"పో బావా. నా కూతుర్ని నా తరఫున అడిగి రా. పొద్దుట్నుంచి ఎదురుచూస్తా ఉంది."