సత్తయ్య సారు అడిగిన ఖాళీ తూకం

మొన్న ఉప్పల్ చౌరస్తా దాటుతుంటే, కాలువ మీద పరిచిన ఇనుప పలక మీదుగా ఒక లారీ వెళ్లింది. ధనామని మోగిన ఆ చప్పుడు నా అరికాళ్ల దాకా దిగింది. రోడ్డు పక్కన ఆగి, అలవాటు కొద్దీ పోయినవన్నీ లెక్క వేసుకున్నాను. మల్లాపూర్‌లో నేను పనిచేసిన ధర్మకాంటా, అంటే లారీని సరుకుతో సహా తూచే చోటు, ఒకటి. దాని పక్కన మేం కూర్చున్న రేకుల గది రెండు. పత్రిక మూతపడి, నలభై మూడు వారాల దగ్గర ముగింపు లేకుండా ఆగిపోయిన ఒక రాజుల సీరియల్ మూడు. మా నాయిన నాలుగు. సత్తయ్య సారు ఐదు. మిగతా నాలుగింటినీ ఎలా తూచుకోవాలో నాకు నేర్పింది ఆ ఐదో మనిషే.

సారు భువనగిరి వైపు మనిషి, కాంటాలో పెద్ద గుమాస్తా. నేను ఇంటర్ తప్పి, తూకం చిట్టీల వెనక కూడికలూ తీసివేతలూ చేసుకుంటూ లెక్క నేర్చుకున్నవాణ్ణి. మా పని చాలా చిన్నది. లారీని నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, సరుకు దింపి వచ్చాక ఒకసారి తూస్తాం. మొదటి దాన్లోంచి ఖాళీ తూకం తీసేస్తే మిగిలేది సరుకు. డ్రైవరు రెండుసార్లూ బండిలోనే ఉండాలి, లేదా రెండుసార్లూ దిగి ఉండాలి. చేరిన రోజు సారు నాకు చెప్పిన పాఠం ఇదొక్కటే.

మా నాయిన లారీ డ్రైవరు. నన్నూ డ్రైవర్ని చేద్దామని క్లీనరుగా వెంట తిప్పాడు. రెండో నెలలో నేను బండిని వెనక్కి తీస్తూ నాచారంలో ఒక గోదాము గోడ కూల్చాను. "వీడు నా కొడుకని ఎవ్వనికీ చెప్పకుర్రి" అన్నాడు హమాలీలందరి ముందూ. ఆ సాయంత్రమే దమ్మాయిగూడలో ఇల్లు వదిలి, నాచారంలో గది తీసుకున్నాను. తర్వాత ఇనుము కరిగించే ఫౌండ్రీకి పాత ఇనుము తోలుతూ ఆయన మా కాంటాకే రావలసి వచ్చింది. బండి దిగేవాడు కాదు. క్లీనరును పంపి, సీట్లోంచే కేకేసేవాడు. "ఓ కాంటాయన, చిట్టీ ఇయ్యి." పదకొండుసార్లు వచ్చాడు. పదకొండుసార్లూ నేను కాంటాయన్నే.

సారుకు కళ్లలో శుక్లాలు. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆ సీరియల్ నేను చదివి వినిపించేవాణ్ణి. అందులో రాజు తన చిన్నకొడుకును, రెక్కల గుర్రం వాణ్ణి మోయనన్నదని, రాజ్యం నుంచి వెళ్లగొడతాడు. రాజుకు లోపల ప్రేమ ఉందని సారు వాదన. నేను ఒకరోజు లెక్క తీసి చూపించాను.

"రాజు కొడుకు ముచ్చట తొమ్మిదిసార్లు ఎత్తిండు సార్. తొమ్మిదిసార్లూ తిట్టుడే. ప్రేమ సున్నా."

"ఖాళీ తూకం తీసినవా?"

"రాజుకేం ఖాళీ తూకం?"

"మంత్రిని తిడ్తడు, రాణిని తిడ్తడు, ఆఖరికి గుర్రాన్ని సుత తిడ్తడు. గదే వాని బండి బరువు. ముందుగాల అది తీసెయ్యి శ్రీశైలం. మిగిలింది చెప్పు."

పాత సంచికలన్నీ మళ్లీ తిరగేశాను. రాజు వెళ్లగొట్టినవాళ్లు కొడుకు కాక ఐదుగురు. ఐదుగురి వెనకా కోట తలుపు మూయించి ముద్ర వేయించాడు. కొడుకు వెళ్లాక ఆ మాట ఎక్కడా లేదు. సారుకు అదే చెప్పాను.

"మరి ఎందుకు మూయమనలే?"

"రాసినాయన మర్చిపోయిండు సార్."

"నీ కోపం రాజు మీదనేనా?" అని నవ్వి, తన డబ్బాలో మిగిలిన పచ్చడి నా అన్నంలో వేశాడు.

ఆ ఎండాకాలం నాకు పసిరికలు, అంటే కామెర్లు, అయ్యాయి. పద్దెనిమిది రోజులు పనికి రాలేదు. వచ్చిన రెండో రోజున నాయిన పన్నెండోసారి వచ్చాడు. నిండు తూకానికి సీట్లోనే ఉన్నాడు. కిటికీలోంచి నన్ను చూశాడో లేదో నాకు తెలియదు. సరుకు దింపి తిరిగొచ్చి, బండిని కాంటా మీద నిలిపి, దిగాడు. మా గది గుమ్మం దాకా వచ్చి, కుండలో నీళ్లు ముంచుకుని తాగాడు. పసుపు తిరిగిన నా కళ్ల వైపు ఒకసారి చూసి, గోడతో అన్నట్టు అన్నాడు. "కుండ మీద మూత లేదు. మనుషులు తాగే నీళ్లేనా ఇవి?" తల వంచుకుని కాంటా మీద కనిపించిన అంకె రాసేశాను. చిట్టీ తీసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం ఫౌండ్రీ మనిషి వచ్చాడు. "మీ కాంటల దయ్యం గిట్ల ఉన్నదా? ఇనుము డెబ్బై కిలోలు తక్కువొచ్చింది."

సారు చిట్టీ కళ్లకు ఆనించుకుని చూసి, నన్ను పక్కకు పిలిచాడు.

"మీ నాయిన దిగిండా?"

"దిగిండు. నీళ్లకు."

"బండిల నీళ్ల క్యాన్ లేదా?"

"ఉంటది."

"ముప్పై ఏండ్ల సంది డ్రైవరు. నిండుకు కూసొని ఖాళీకి దిగొద్దని తెల్వదా ఆయనకు?"

"మర్చిపోయి ఉంటడు సార్."

సారు కొత్త చిట్టీ రాసి, సరుకులో కలిసిపోయిన మా నాయిన బరువు, ఆ డెబ్బై కిలోలు, కొట్టేసి, ఫౌండ్రీ మనిషిని పంపేశాడు. తర్వాత నాతో అన్నాడు. "గా డెబ్బై కిలోలు ఇనుము కాదు, బండి కాదు. ఏందో నాకెర్కలేదు. మల్లొస్తే నువ్వే అడుగు."

పదమూడోసారి కోసం ఎదురుచూశాను. లారీ కాంటా పలక మీద ఎక్కిన ప్రతిసారీ ముందు నంబరు చూసేవాణ్ణి. నాయిన ఇనుము వేరే కాంటాలో తూయించుకోవడం మొదలుపెట్టాడని ఆయన క్లీనరు చెప్పాడు. సిగ్గుపడ్డాడో, కోపమొచ్చిందో. దమ్మాయిగూడ బస్సు రెండుసార్లు ఎక్కి, రెండుసార్లూ మధ్యలో దిగిపోయాను. మూడేళ్లకు నాయిన పోయాడు. పాడె ఒక మూల నా భుజం మీదే ఉంది.

సత్తయ్య సారు తెలంగాణ రాష్ట్రం వచ్చే ముందు ఏడాది కన్నుమూశాడు. ఎవరైనా కటువుగా మాట్లాడితే నేను ఇప్పటికీ ముందు వాళ్ల ఖాళీ తూకం తీసేస్తాను. చాలామంది దగ్గర ఎంతో కొంత మిగులుతుంది. నాయిన దగ్గర మిగిలింది మాత్రం ఏ గడిలో రాయాలో తెలియదు. ఆ రోజు నన్ను చూడటానికే దిగాడా అని అడగవలసింది నేను, చెప్పవలసింది ఆయన. ఈ రోజుకీ తేలకుండా ఉన్నది డెబ్బై కిలోలు.