చిన్నమ్మ చెప్పిన క్రోమియం మాత్రలు

ధర్మవరంలో పట్టుచీరలు నేసే మా చిన్నమ్మ, తనకు మంచిదనిపించింది నలుగురికీ చెప్పకుండా ఉండలేదు. చక్కెర తగ్గిస్తాయని ఎవరో చెబితే క్రోమియం మాత్రలు తెచ్చుకుని, వీధిలో అందరి చేతా కొనిపించింది. పక్కింటి అవ్వ వాటిని నమ్మి డాక్టరు మందు మానేసింది. చక్కెర పెరిగి ఒకరోజు పడిపోయింది.

హిందూపురం ఆసుపత్రిలో, వెంట వెళ్లిన చిన్నమ్మ చూపించిన మాత్రల డబ్బాను డాక్టరు తిప్పి చూశాడు. "ఇది మందు కాదమ్మా, తిండి పదార్థం కింద అమ్ముతాండారు. ఈడ చిన్న అక్షరాల్లో రాసే ఉండాది, చూడలేదా?" అన్నాడు.

చిన్నమ్మ తిరిగొచ్చి ఇల్లిల్లూ తిరిగింది. "డాక్టరు మందు మానొద్దండమ్మా, నాకు తెలీక చెప్పినా" అంది.

అవ్వ కోలుకుని ఇంటికొచ్చాక, చూడ్డానికెళ్లి వాకిట్లోనే ఆగిపోయిన చిన్నమ్మను "యాల ఆడే నిలబడినావు? లోపలికి రావే" అని తనే పిలిచింది. చిన్నమ్మ గడప దాటలేకపోయింది.