రెండో సంతకం

ఎర్మెలిన్‌కి కోపమొస్తే రొట్టెలు మాడతాయని ఊళ్ళో అంటారు. శుద్ధ అబద్ధం. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆమె బట్టీలో రొట్టెలు మాడింది ఒక్కసారే, ఆ గురువారం సాయంత్రం. మడగావ్‌లో లాయరమ్మ నోట విన్న మాటకి ఊరంతా మాడిపోవాల్సింది. రొట్టెలతో సరిపోయింది.

మొదట్నించీ చెప్పకపోతే తప్పెవరిదో తేలదు. సాష్టి తాలూకాలో మా ఊరి పెద్ద రోడ్డు మలుపులో ఉన్న రొట్టెల బట్టీని ఆమె తండ్రి బొస్త్యాంవ్ తన చేతులతో కట్టుకున్నాడు. ఎర్మెలిన్‌కి పద్నాలుగో ఏడు రాగానే ఆయన నడుం పట్టేసింది. బడి మానేసి ఆ పిల్ల బట్టీలోంచి రొట్టెలు లాగే తెడ్డు పట్టుకుంది. ఆడపిల్ల బట్టీ ముందు నిలబడితే పిండి పొంగదన్నారు పక్క వాడల రొట్టెలవాళ్ళు. పొంగింది. సైకిల్ హారన్ కొట్టుకుంటూ ఇంటింటికీ ఆడది రొట్టెలమ్మడమేమిటని పెద్దమనుషులు మూతులు తిప్పారు. ఆ మూతులతోనే ఆమె చేసిన పోయె రొట్టెలు రొయ్యల కూరలో ముంచుకుని తిన్నారు. తండ్రి పోయేముందు బట్టీ, దాని కింద స్థలం కూతురి పేర రాసిపోయాడు.

సంబంధాలు రాకపోలేదు. వచ్చినవాళ్ళంతా ముందు బట్టీ వంక చూసేవాళ్ళు, తర్వాత తీరుబడిగా ఆమె మొహం వంక చూసేవాళ్ళు. ఎర్మెలిన్ వాళ్ళకి తలా ఒక వేడి రొట్టె పెట్టి సాగనంపేది. అలా నలభై మూడేళ్ళొచ్చాయి.

సాంతాన్ వేరు. బ్యాండులో ట్రంపెట్ వాయిస్తాడు, పండగలకీ పెళ్ళిళ్ళకీ చావులకీ. నలభై ఏడేళ్ళ బ్రహ్మచారి. పెద్దల నాటి పాత ఇంట్లో అన్న మింగెల్ కుటుంబంతో ఉంటాడు. పందొమ్మిదేళ్ళుగా పొద్దున రెండు పోయెలు, సాయంత్రం టీలోకి గాజులా గుండ్రంగా ఉండే ఒక కాంకణ్ కొనుక్కెళ్ళేవాడు. బట్టీ వంక ఒక్కసారి కూడా చూడలేదు. ఆ మనిషి ఒకనాడు చిల్లర తీసుకోవడం మర్చిపోయి, మనిద్దరం పెళ్ళి చేసుకుందామా అని అడిగాడు. ఎర్మెలిన్ ఒకే ఒక్క షరతు పెట్టింది. బట్టీ నాది, నాదిగానే ఉండాలి, పెళ్ళికి ముందే పత్రం రాయించుకుందాం అంది. రొట్టెలు దొరికితే చాలు నాకు, అన్నాడు సాంతాన్.

ఆ షరతు ఊరికే పెట్టలేదు. మా దగ్గర చట్టం అలాంటిది. రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్ళి సంతకాలు పడ్డాయంటే మొగుడిదీ పెళ్ళాందీ ఆస్తి కలిసిపోయి చెరి సగమవుతుంది. వద్దనుకుంటే ముందే పత్రం రాయించి రిజిస్టర్ చేయించుకోవాలి. పెళ్ళయ్యాక దేవుడే దిగొచ్చినా మార్చలేడు. ఎర్మెలిన్ మేనత్త కిస్తూద్‌కీ ఒక బట్టీ ఉండేది. మొగుడితో పడలేక విడిపోయినప్పుడు అతను సగం అడిగాడు. బట్టీని సగం చెయ్యడం కుదరదు కాబట్టి అమ్మేశారు. కిస్తూద్ చివరి రోజుల్లో ఊరి విందుల్లో అంట్లు తోమి బతికింది. ఆ చేతులు చూస్తూ పెరిగిన పిల్ల ఎర్మెలిన్.

రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు రెండు. మొదటిది, పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నామని. రెండోది పదిహేను రోజులాగి, చేసుకున్నామని. మొదటిది పెట్టి వచ్చారు. పత్రం రాయడానికి కాకోడ్కర్ లాయరమ్మ గురువారం రమ్మంది. చర్చిలో పెళ్ళికి ఇంకా నెల ఉంది. అంతా పద్ధతిగా నడుస్తోందనుకుంది ఎర్మెలిన్.

మా కిరస్తానీలకి ఒక పిచ్చి ఉంది. చర్చిలో గంట మోగి, పాద్రీ దీవించి, బయట బ్యాండు వాయిస్తేనే పెళ్ళి. రిజిస్ట్రార్ ఆఫీసు సంతకమంటే రేషన్ కార్డు కోసం పెట్టేదాంతో సమానం. మింగెల్‌కి ఈ పిచ్చి సంగతి బాగా తెలుసు. తెలియకేం, ఇళ్ళూ స్థలాలూ అమ్మిపెట్టడమే అతని పని, పొద్దున లేస్తే చట్టం కాగితాలతోనే కాపురం.

పదిహేను రోజులూ నిండిన మంగళవారం మధ్యాహ్నం, ఎర్మెలిన్ మోచేతులదాకా పిండిలో ఉండగా, మింగెల్ సాంతాన్‌ని స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు. రెండో సంతకం ఇవాళే పడాలి, లేకపోతే ఫాదర్ ఈ ఆదివారం చర్చిలో మీ పేర్లతో పెళ్ళి ప్రకటన చదవడు అన్నాడు. ఎర్మెలిన్ పత్రం సంగతి ఎత్తింది.

"గురువారం రాయించుకోమ్మా, ఎవరొద్దన్నారు? ఇది ఉత్త కాగితం. పెళ్ళయ్యేది చర్చిలో కదా," అన్నాడు.

ఆమె చేతులు కడుక్కుని రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళింది. గుమాస్తా తలెత్తకుండానే ఆస్తుల ఒప్పంద పత్రమేదైనా ఉందా అని అడిగాడు. లేదు లేదు అన్నాడు మింగెల్. నిజమే కదా, ఇంకా లేదు, ఎల్లుండి కదా రాయించేది అనుకుంది ఎర్మెలిన్. అనుకుని నోరు మూసుకుని సంతకం పెట్టింది. పిండి బస్తా వస్తే అడుగునుంచి గుప్పెడు తీసి వాసన చూడందే దింపుకోని మనిషి!

గురువారం లాయరమ్మ కాగితాలు ముందేసుకుని, మొదటి సంతకం ఎప్పుడు పెట్టారని అడిగింది. రెండూ అయిపోయాయండీ అంది ఎర్మెలిన్, పని ముందే కానిచ్చినందుకు కొంచెం గర్వంగానే. లాయరమ్మ పెన్నుకి మూత పెట్టేసింది.

"అయితే ఇంక నేను రాసేదేం లేదమ్మా. మంగళవారం నుంచీ మీరు అతని భార్య. బట్టీలో సగం అతనిది."

"చర్చిలో ఇంకా కాలేదండీ."

"చర్చి సంగతి చర్చిది. చట్టం లెక్కలో మీ పెళ్ళయిపోయింది."

ఎర్మెలిన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి వెళ్ళిపోబోతుంటే లాయరమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. సగమంటే రెండు వైపులా సగమేనని చెప్పింది. ఆ పాత ఇంట్లో, కొబ్బరి తోటలో సాంతాన్‌కి ఎంత వాటా ఉందో అందులో సగం ఇప్పుడు ఎర్మెలిన్‌ది. ఆమె సంతకం లేకుండా అందులో ఒక్క చెట్టు కూడా అమ్మడానికి లేదు. ఎర్మెలిన్ విన్నదే గానీ తలకెక్కలేదు. ఎవడికి కావాలి కొబ్బరిచెట్లు? ఆమెకి కావలసింది తన బట్టీ, నిండుగా, తండ్రి ఇచ్చినట్టుగా. ఆ సాయంత్రమే రొట్టెలు మాడాయి.

మర్నాడు మింగెల్ ఇంటికి నడిచి వెళ్ళింది. అతను అరుగు మీద కూర్చుని చేపముళ్ళు ఏరుకుంటూ భోంచేస్తున్నాడు. ఎందుకు చేశావని అడిగితే దాచుకోలేదు కూడా, దాచుకునే సిగ్గుంటే కదా!

"తమ్ముడిదంటే ఇంటిదే కదమ్మా. రోడ్డు మలుపులో అంత మంచి స్థలం, ఈ రోజుల్లో అక్కడ రొట్టెలు కాల్చుకుంటూ కూర్చుంటారా ఎవరైనా? మంచి బేరం నేను చూస్తాగా."

ఎర్మెలిన్ వచ్చిన దారినే తిరిగొచ్చేసింది. కోపం అతని మీద ఎంతుందో తన మీద అంతకు రెండింతలుంది. ఒక్క మాట, 'గురువారం రాయిస్తున్నాం' అని ఒక్క మాట గుమాస్తాతో అని ఉంటే ఆ మనిషే ఆపేవాడు. దారంతా ఆ మాటే పళ్ళ మధ్య నలిగింది.

ఆ సాయంత్రం సాంతాన్ ట్రంపెట్ పెట్టె చంకన పెట్టుకుని వచ్చాడు. గడప దాటనివ్వలేదు. నీకు ముందే తెలుసా అని అడిగింది.

"తెలీదు ఎర్మెలిన్. అన్నయ్య పెట్టమన్నాడు, పెట్టాను. ఎప్పుడూ అంతేగా."

ఆ మాటకి ఇంకా ఒళ్ళు మండింది ఆమెకి. మోసం చేసుంటే తిట్టి తరిమేసేది. ఇది మోసం కాదు, నలభై ఏడేళ్ళొచ్చినా తన చేతిని అన్న చేతిలో పెట్టి కూర్చోవడం. అదే అంది మొహాన. ఊదేటప్పుడు నీ ఊపిరేనా, అదీ మీ అన్నదేనా అని కూడా అంది. సాంతాన్ ఆ రోజు కాంకణ్ కొనుక్కోకుండానే వెళ్ళాడు. చర్చి పెళ్ళి ప్రస్తావన ఇక ఎవరూ తేలేదు.

మూడు వారాలకి మింగెల్ మళ్ళీ వచ్చాడు. వెనక సాంతాన్. పాత ఇల్లు, తోట కొనడానికి ఢిల్లీ మనిషెవరో దొరికాడట. పత్రం చేతిలోనే ఉంది. అన్నదమ్ములవి, ఇంటి కోడళ్ళవి సంతకాలు కావాలి. తన భార్య చేత అప్పుడే పెట్టించేశాడు. ఆ ఇంటి ఆడవాళ్ళని అతనెప్పుడూ అడగలేదు, వేలు పెట్టి చోటు చూపించేవాడు. ఇప్పుడూ అలాగే పిండి బల్ల మీద పత్రం పరిచి వేలు పెట్టాడు.

"ఇక్కడ తమ్ముడు, ఇక్కడ నువ్వు. ఉత్త కాగితమేనమ్మా, ఒక్క నిమిషం పని."

ఉత్త కాగితం. లాయరమ్మ చెప్పిన రెండో సగం అప్పుడు తలకెక్కింది ఎర్మెలిన్‌కి. తెడ్డు గోడకి ఆనించింది. చేతులు కడుక్కోలేదు. పిండి చేతులతోనే పత్రం తీసుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. చివరిదాకా చదివింది. కొనడానికి వచ్చినవాళ్ళు వరసలో నిలబడిపోయారు. మింగెల్ రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. చదవడం అయ్యాక ఆమె అడిగింది.

"నా సంతకం దేనికి బావగారూ?"

"సాంతాన్ భార్యవి కదమ్మా."

"నేనా? ఇంకా చర్చిలో కాలేదుగా. పెళ్ళయ్యేది చర్చిలోనని మీరేగా చెప్పారు."

రొట్టెల కోసం నిలబడ్డవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. మింగెల్ మొహం కందగడ్డలా అయింది. అది వేరు, ఇది వేరు, చట్టం ప్రకారం సంతకం పెట్టిన ఆ మంగళవారమే పెళ్ళయిపోయిందని అరిచాడు. ఆ మాట అతని నోటితోనే ఊరు వినాలి, విన్నది.

"తెలిసే చేశారన్నమాట. సరే, నా బట్టీలో సగం పోయింది, అది తిరిగి రాదు. మీ ఇంట్లో నా సగం మాత్రం బతికున్నంత కాలం అమ్మను."

మింగెల్ తమ్ముడి వైపు తిరిగాడు. నీ సంతకం నువ్వు పెట్టు ముందు, దీని సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. సాంతాన్ పత్రం వైపు చూశాడు. ఎర్మెలిన్ అతని వైపు చూడలేదు, తెడ్డు తీసుకుని బట్టీలోంచి రొట్టెలు లాగుతోంది. జేబులో పెన్ను ఉండి కూడా అతను తియ్యలేదు. చిల్లర నాణేలు తీసి బల్ల మీద పెట్టి, ఒక కాంకణ్ ఇమ్మన్నాడు.

ఎర్మెలిన్ చాలాసేపు ఆ నాణేల వంక చూసింది. తర్వాత ఇచ్చింది.