మిల్లు గేటు కాపలా

కోరుట్ల దాటి ఇబ్రహీంపట్నం వైపు కొంత దూరం పోయాక మా లారీలు ఆగాయి. ఉదయం ఎనిమిది. ముసురు పట్టి ఉంది. రోడ్డుకు ఒకపక్క పసుపు చేలు, మరోపక్క నీళ్లు కట్టిన వరి మళ్లు. ఎదురుగా రైస్ మిల్లు. ఎత్తైన గోడ, రేకుల గోదాము, రెండు తలుపుల ఇనుప గేటు.

మా కేంద్ర బలగం కంపెనీ ఆదిలాబాద్ వైపు డ్యూటీ ముగించుకొని వెనక్కి పోవాలి. రైలెక్కే ముందు ఆదేశం మారింది. హెల్మెట్, ఫైబర్ డాలు, లాఠీ తీసుకొని దిగమన్నారు. సెక్షన్‌కు ఒక గ్యాస్ తుపాకీ. రైఫిళ్లు లారీల్లోనే ఉండాలన్నారు.

కంపెనీ కమాండర్ హర్యానా మనిషి. తక్కువ మాట్లాడతాడు. మమ్మల్ని రోడ్డు మీదే వరుసగా నిలబెట్టి హిందీలో అడిగాడు.

"ఇక్కడి భాష ఎవరికి వచ్చు?"

నేనొక్కడినే చెయ్యెత్తాను.

మాది కోనరావుపేట. నాయన సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. నేను కేంద్ర బలగంలో చేరి కాశ్మీర్ చూశాను, మణిపూర్ చూశాను, బస్తర్ చూశాను. ఎక్కడికి పోయినా అక్కడి జనానికి నేను బయటివాణ్ణే. అలా ఉండడం ఒక రకంగా తేలిక. మనల్ని తిట్టే తిట్లు మనకు అర్థం కావు. సొంత యాస వినిపించే చోట డాలు పట్టుకొని నిలబడాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

జరిగింది ఇది. ఆ ఊళ్లో సుజాత అనే ఆమె మోటారు వేయడానికి పొలానికి పోయి తిరిగి రాలేదు. ముప్పై ఏళ్లు నిండని మనిషి. భర్త రమేశ్ మస్కట్‌లో ఉంటాడు. ఇంట్లో ఆమె, అత్త లచ్చవ్వ, ఇద్దరే. పొద్దు గూకే వేళకు పసుపు చేను గట్టు మీద శవం దొరికింది. తల మీద పార దెబ్బలున్నాయి. ఆ చుట్టుపక్కల నాట్లు వేస్తున్నది బెంగాల్ కూలీల ముఠా. ఏటా వానాకాలంలో రైల్లో వస్తారు. నాట్లు అయిపోగానే పోతారు. శవం దొరికేసరికి ముఠాలో ఒకడు కనిపించలేదు.

మిగిలిన నలభై మందిని పోలీసులు తెచ్చి మిల్లు గోదాములో పెట్టారు. నేరం చేశారని కాదు, ఊరి చేతికి చిక్కితే బతకరని.

కమాండర్ ఆదేశం చిన్నది. "లోపలివాళ్లు బయటికి పోకూడదు. బయటివాళ్లు లోపలికి రాకూడదు. లాఠీ కూడా నా మాట లేకుండా లేవకూడదు." తర్వాత నా వైపు చూసి, "నువ్వు గేటు ముందే ఉండు. వాళ్లేమంటున్నారో నాకు చెప్పు" అన్నాడు.

అదే నా డ్యూటీ. వినడం, చెప్పడం.

మొదటి రోజే లచ్చవ్వ వచ్చింది. తడిసిన చీర. చెప్పులు లేవు. నా డాలు దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఏ ఊరు కొడుకా నీది?"

"కోనరావుపేట, అవ్వా."

"గట్లయితే మనోనివే. మనోనివయ్యుండి ఆళ్లకు కావలి గాస్తున్నవా?"

ఆమె గేటు వైపు చెయ్యి చూపింది.

"గేటు తియ్యి. నేను ముసల్దాన్ని, నేనేం జేస్త? నా కోడలిని ఎందుకు సంపిన్రని ఒక్క మాట అడుగుత."

"సంపినోడు లోపల లేడవ్వా. పారిపోయిండు. పోలీసోళ్లు ఎతుకుతున్నరు."

"ఆడు లేకుంటే ఆని తోటోళ్లున్నరు గదా. ఆనితోని ఒక్క గిన్నెల తిన్నోళ్లు. ఆళ్లకు తెల్వదా?"

భుజానికున్న వైర్‌లెస్ రేడియోలో కమాండర్ అడిగాడు. "గేటు, ఆమె ఏమంటోంది?"

"కోడలిని ఎందుకు చంపారని అడుగుతోంది సార్."

"కుర్చీ వెయ్యి" అన్నాడు. వేశాను. ఆమె కూర్చోలేదు.

గేటుకు ఎదురుగా చాయ్ హోటల్ ఉంది. రోజంతా జనం అక్కడే. అందరి చేతుల్లో ఫోన్లు, అన్ని ఫోన్లలో అవే వీడియోలు. గోదాములో ఉన్నవాళ్లు బెంగాల్ వాళ్లు కాదు, వేరే దేశం నుంచి సరిహద్దు దాటి దొంగతనంగా వచ్చినవాళ్లు అని. హైదరాబాద్ టీవీల్లో కోట్లు తొడుక్కున్నవాళ్లు అదే విషయం మీద అరుచుకుంటున్నారు. సరిహద్దు మూయాలని ఒకరు, కూలీలందరికీ పాసులు పెట్టాలని ఒకరు. ఊరి పెద్దలు కూడా బయటి కూలీలను రానివ్వొద్దని తీర్మానం చేశారు. గోదాములోని వాళ్ల కార్డులు పోలీసులు అప్పటికే చూశారు. అన్నీ బెంగాల్ జిల్లాల కార్డులే. ఆ సంగతి మైకులో చెప్పారు కూడా. ఎవరూ చెవిన పెట్టలేదు.

ఒకరోజు హోటల్ దగ్గర గొడవ నా చెవినపడింది. నెత్తికి తువ్వాల కట్టుకున్న రైతు ఒకడు కుర్రాళ్లతో వాదిస్తున్నాడు.

"ఆళ్లను ఎల్లగొడితే నా పొలం ఎవ్వలు నాటాలె? నువ్వు నాటుతవా?"

"నీకు పొలమే ముఖ్యమాయె. ఊళ్లె ఆడిమనిషి పానం పోయింది."

"మన ఇంటికొకలు దుబాయిల ఉన్నరు తమ్మీ. ఆడ మనల్ని గిట్లనే అంటే?"

"మనం వీసా మీద పోతున్నం. దొంగతనంగ పోతలేం."

రైతు చాయ్ గ్లాసు అక్కడ పెట్టి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి అతను ఆ హోటల్‌కు రాలేదు.

గోదాములో వాసన వేరు. తవుడు, చెమట, తడి బట్టలు. నలభై మంది గోడకు ఆనుకొని కూర్చునేవాళ్లు. పగలు కూడా గొంతు పెంచేవాళ్లు కాదు. ముఠా పెద్ద నాకంటే వయసులో పెద్దవాడు. నన్ను చూడగానే లేచి నిలబడేవాడు. వద్దన్నా లేచేవాడు.

"ఆ పోయినవాడు మా ఊరివాడు కాదు సార్" అన్నాడు హిందీలో. "మనుషులు తక్కువై రైల్లో కలుపుకున్నాం. నేనే కలుపుకున్నాను." అదే మాట రోజూ చెప్పేవాడు.

వాళ్ల వంటవాడు సన్నటి మనిషి. బయటి నుంచి ఎవరైనా విసిరిన రాయి రేకు మీద పడితే చాలు, రెండు చేతులూ తల మీద పెట్టుకొనేవాడు. ఒకసారి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"బయట వాళ్లేమంటున్నారు సార్? మీకు తెలుస్తుంది కదా."

"పోలీసులను తిడుతున్నారు" అన్నాను.

అతను నా ముఖమే చూస్తూ నిలబడ్డాడు. నమ్మలేదని నాకు తెలిసింది.

రమేశ్ రావడానికి రోజులు పట్టాయి. పాస్‌పోర్టు అక్కడి కంపెనీ దగ్గర ఉండిపోయింది. అప్పటిదాకా సుజాత శవం జగిత్యాల ఆస్పత్రిలోనే. రోజులు గడిచేకొద్దీ హోటల్ దగ్గర జనం పెరిగారు. రమేశ్ వస్తే ఊరు చల్లబడుతుందని కమాండర్ ఆశపెట్టుకున్నాడు. నేనూ పెట్టుకున్నాను.

అతను ఒక మధ్యాహ్నం విమానాశ్రయం నుంచి వచ్చిన కారులోనే నేరుగా గేటు దగ్గరికి వచ్చాడు. బ్యాగు ఇంకా భుజం మీదే ఉంది. గడ్డం పెరిగింది. లచ్చవ్వ పరుగున వచ్చి అతని చొక్కా పట్టుకుంది. అతను మెల్లగా విడిపించుకొని నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఒక్కసారి లోపలికి పంపు. ఆళ్ల మొకాలు సూస్త."

"పంపరాదు తమ్మీ. ఆర్డర్ లేదు."

అతను గొడవ పడలేదు. గేటు పక్కన తడి నేల మీద కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను. బ్యాగు ఒళ్లో పెట్టుకొని చెప్పాడు.

"మస్కట్ల మా క్యాంపుల ఒకసారి కత్తిపోటైంది. పొడిచినోడు మనోడే, నిజామాబాదోడు. మా రాష్ట్రపోళ్లనందర్నీ బస్సులెక్కించి తీస్కపోయిన్రు. నేను గా పొద్దు నిద్రల ఉన్న. నేను కాదు, నేను కాదు అని బస్సుల మొత్తుకున్న. ఎవ్వడు ఇనలే."

"మరి నీకు ఎరికే గదా" అన్నాను.

"ఎరికే. అయినా గిప్పుడు గా లోపలోళ్లందరు నాకు ఒక్కడే అనిపిస్తున్నరు. ఏం జెయ్యాలన్నా? నువ్వే చెప్పు."

ఆ ప్రశ్న కమాండర్‌కు చెప్పలేదు. చెప్పడానికి హిందీలో మాటలున్నాయి.

మర్నాడు జగిత్యాల నుంచి శవం వచ్చింది. మధ్యాహ్నం దహనం. పాడె మిల్లు ముందు నుంచే పోవాలి, దారి అదొక్కటే. మేము హెల్మెట్లు తీసి పట్టుకున్నాం. పాడె పోతున్నంతసేపూ జనంలో అరుపులు లేవు. కేకలు వేస్తే తట్టుకోగలం. ఆ మౌనానికి నా పక్కన ఉన్న జార్ఖండ్ జవాను పెదవులు కదలడం చూశాను. ఏదో ప్రార్థన.

నాలుగు గంటలకు జనం తిరిగి వచ్చారు. దహనం నుంచి ఇళ్లకు పోలేదు. నేరుగా గేటు మీదికే. ముందు వరుసలో కుర్రాళ్లు. వెనక పెద్దవాళ్లు, ఆడవాళ్లు. నేను మైకు తీసుకున్నాను.

"జరగున్రి! మీ ఇంటి పోరనిలెక్క చెప్తున్న, వెనక్కి జరగున్రి! లోపల ఉన్నోళ్లు సంపలేదు!"

"నీ అక్కనో చెల్లెనో అయితే తెలుస్తుండె!" అని ఎవరో అరిచారు. మొదటి రాయి మైకుకే తగిలింది.

తర్వాత వరుసగా రాళ్లు. డాలు మీద, హెల్మెట్ మీద, రేకుల మీద. జార్ఖండ్ జవాను ముక్కు నుంచి రక్తం కారింది. గేటు ఒక తలుపు వంగింది. అప్పుడు జనంలో రమేశ్ కనిపించాడు. నాకు నాలుగడుగుల దూరంలో, స్నానం చేసిన తడి బట్టల్లో ఉన్నాడు. చేతిలో రాయి ఉంది. నన్నే చూస్తున్నాడు. విసరలేదు. కింద పడెయ్యనూ లేదు.

కమాండర్ రేడియోలో ఒక్క మాట అన్నాడు. "గ్యాస్."

గుండ్లు పేలాయి. గాలి మా వైపే వీచింది. పొగ జనం మీదికి కొంత, గోదాములోకి కొంత పోయింది. లోపల దగ్గులు, ఏడుపులు. జనం చెదిరిపోయేదాకా నేను గేటు వదల్లేదు. వెనక గోడ దగ్గర ఉన్న జవాను రేడియోలో అరిచాడు. "ముగ్గురు గోడ దూకారు! పొలాల్లోకి పరుగెడుతున్నారు!"

ఇద్దరిని పసుపు చేలో పట్టుకొని తెచ్చాం. మూడోవాడు వంటవాడు. దొరకలేదు. చీకటి పడేదాకా గట్లన్నీ తిరిగాం. "రండి, ఏం చెయ్యరు" అని హిందీలో పిలిచాం. మమ్మల్ని చూసి కూడా భయపడి ఉంటాడు.

తెల్లవారాక ఒక రైతు వచ్చి చెప్పాడు. అతని బావికి గోడ లేదు. చుట్టూ గడ్డి మొలిచి అంచు కనిపించదు. బావిలో మనిషి తేలాడు.

ఊరివాళ్లే తాడు తెచ్చారు. ఊరివాళ్లే దిగారు. రాళ్లు విసిరిన చేతులు అందులో ఉన్నాయి, నేను గుర్తుపట్టాను. పైకి తీసి గట్టు మీద పడుకోబెట్టారు. లచ్చవ్వ జనాన్ని తోసుకుంటూ వచ్చి వంగి ముఖం చూసింది.

"ఈడేనా?"

"కాదవ్వా. గీయన వంట జేసేటాయన" అన్నాను.

ఆమె అక్కడే కూలబడింది. చీర కొంగు నోట్లో కుక్కుకుంది. కొంతసేపటికి అడిగింది.

"ఈనికి ఎవ్వలున్నరు?"

నాకు తెలియదు. ముఠా పెద్దను అడిగి వచ్చి చెప్పాను. భార్య, తల్లి ఉన్నారని. ఆమె తల ఊపింది.

అదే రోజు కూలీలను రెండు బస్సుల్లో పెద్దపల్లి స్టేషన్‌కు పంపాం. ముఠా పెద్ద మాత్రం వంటవాడి శవం కోసం జగిత్యాలలో ఆగిపోయాడు. పారిపోయినవాడు కొన్ని వారాలకు వేరే రాష్ట్రంలో దొరికాడు. చంపింది వాడే, వాడొక్కడే. ఆ వార్త నేను మరో డ్యూటీకి పోతూ రైల్లో ఫోన్‌లో చదివాను. వంటవాడి గురించి ఎక్కడా ఒక్క ముక్క లేదు.

మరుసటి ఏడు రిటైరై సిరిసిల్ల వచ్చేశాను. ఇక్కడ సాంచాల మీద ఇప్పుడు బీహార్ వాళ్లూ ఒడిశా వాళ్లూ ఉన్నారు. చాయ్ దగ్గర మీరంతా నన్ను అడుగుతుంటారు, బయటోళ్లను రానియ్యాలా వద్దా, నువ్వు చూసినవు గదా చెప్పు అని. నేను చూసింది చెప్పగలను. వాదన చెప్పలేను.

కూలీలు పోయాక మేము ఆ ఊరు విడిచిన ఉదయం మా లారీ వెనక తలుపు దగ్గర కూర్చున్నాను. ముసురు ఆగలేదు. మిల్లు దాటిన తర్వాత ఒక మడిలో ఇద్దరే మనుషులు కనిపించారు. లచ్చవ్వ గట్టు మీద నుంచి నారు కట్టలు విసురుతోంది. రమేశ్ ప్యాంటు మోకాళ్లపైకి మడిచి, వంగి నాటు వేస్తున్నాడు. ఎన్నో ఏళ్లుగా నాటు వెయ్యని చేతులు. వేళ్లు లోతుగా దిగడం లేదు. అతను నాటుకుంటూ వెనక్కి జరుగుతుంటే, ముందు నాటిన మొక్కలు ఒక్కొక్కటే ఊడి నీళ్ల మీద తేలుతున్నాయి. అతను చూశాడు. ముందుకు పోయి తేలినవి ఏరుకొని మళ్లీ గుచ్చాడు. అవి మళ్లీ తేలాయి.