గార్డు లేని రైలు

నా చిన్నప్పుడు, అంటే రాయపూర్ కొత్తగా రాజధాని అయిన రోజుల్లో, మా రైల్వే కాలనీ పిల్లలకు సాయంత్రమైతే రైలాటే. ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని క్వార్టర్ల చుట్టూ పరుగు. ఇంజన్ ఎవరో రోజూ చేతులెత్తి ఎన్నుకునేవాళ్ళం. రైలు చివర ఒక బక్కపిల్ల గార్డు. నిజం రైల్లోలాగే, ఆ పిల్ల పచ్చజెండా ఊపితేనే కదలాలి, ఎర్రజెండా చూపితే ఆగాలి.

పక్కింటి అక్క ఇంజనయ్యాక ఆట రంజుగా మారింది. ఆమె కూత వేస్తే వీధి కుక్కలు పారిపోయేవి. రోజూ ఎన్నికలంటే చీకటి పడిపోతోంది, వారానికోసారి చాలంది. చప్పట్లు కొట్టాం. గార్డు ఊరికే ఆపేస్తోందని జెండాలు తనే తీసేసుకుంది. రైలు వేగం పెరిగింది, మళ్ళీ చప్పట్లు. నన్ను తన వెనకే మొదటి పెట్టెగా పెట్టుకుంది కాబట్టి నావి ఇంకా గట్టి చప్పట్లు. ఆ వేగానికి మోకాలు చెక్కుకుపోయి బక్కపిల్ల ఏడిస్తే, "ఉతర్ జా!" అని దింపేసింది. "దీనివల్లే లేటు" అని నేనూ ఓ మాట కలిపాను.

ఎన్నికల రోజు వచ్చింది. నాకు ఇంజనవ్వాలని ప్రాణం లాగేస్తోంది. వారమంతా స్నానాల గదిలో కూత సాధన చేశాను మరి. "ఎన్నికలు దసరా తర్వాత" అంది అక్క. ఇదేం న్యాయమంటే, "తూ భీ ఉతర్ జా!" అని నన్నూ దింపేసింది. నా పెట్టె చోట్లో అప్పటికే ఇంకొకతె చేరిపోయింది.

మా తాతయ్య రిటైరైన గార్డు. నా ఏడుపు విని మర్నాడు పంచె ఎగ్గట్టి వచ్చి రైలు తోక పట్టుకుని నిలబడ్డాడు. అక్క కూసి, ముందుకు దూకింది. తాతయ్య అంగుళం కదల్లేదు. రైలంతా ఒకరి మీద ఒకరు పడ్డారు, బొత్తాలు ఊడాయి.

"గార్డు జెండా ఊపనేదు కదమ్మా, నానెలా కదుల్తాను?" అన్నాడు అమాయకంగా.

అక్కకి కూడా నవ్వాగలేదు. బక్కపిల్లని పిలిచి జెండాలు ఇచ్చేసి, ఎన్నికలు రేపే అంది. నేను గెలిచినట్టు ఎగురుతుంటే, ఇంటికెళ్తూ తాతయ్య మెల్లగా అడిగాడు, "ఆ పిల్లని దించీసినప్పుడు నువ్వు ఏ పెట్టిలో ఉన్నావే?"

"మొదటి పెట్టె."

"కిటికీ పక్క సీటా?"

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. మర్నాటి ఎన్నికల్లో నాకు పడింది ఒక్క ఓటు, అదీ నాదే.

గెలిచిన నాయకుడే ఎన్నికలు పక్కనపెట్టాడని పేపర్లో చదివితే అందరూ ఆ పెద్దమనిషినే తిడతారు. నాకు మాత్రం ఆయన వెనకాల హాయిగా కూర్చున్నవాళ్ళు కనిపిస్తారు. మొన్న ఇదే ఊళ్ళో, తెలీబంధా పేటలో మా అపార్టుమెంటు ప్రెసిడెంటు, అంతా బాగానే ఉందిగా, ఈ ఏడు ఎన్నికలెందుకన్నాడు. నా కారుకి లిఫ్టు పక్కనే చోటిచ్చిన మంచివాడు. లేచి, కుదరదన్నాను. ఇప్పుడు నా కారు గేటు బయట ఎండలో ఉంటోంది. అందాకా నడవడం చిరాకే, కానీ ఆ రోజు పడ్డ సిగ్గు ముందు ఈ నడక ఎంత.