ఘాటు రాలేదన్న సాయంత్రం

మా తమ్ముడి పెద్దకర్మ అయిన మర్నాడు, బంధువులంతా వెళ్ళిపోయి గుంటూరులోని వాడి ఇల్లు కాస్త సద్దుమణిగాక, వాడి మనవరాలు నా పక్కన కూర్చుని సైన్సు పాఠం వల్లె వేసింది. ఉచ్ఛ్వాసం అంటే గాలిని లోపలికి పీల్చుకోవడం, నిశ్వాసం అంటే బయటికి వదలడం. చదివి చదివి, పుస్తకం మూయకుండానే నా వైపు తిరిగి, "మామ్మా, తాతయ్యకి రానిది ఇదేనా?" అని అడిగింది. అవునన్నాను.

చిలకలూరిపేట దగ్గర మా ఊళ్ళో, నా చిన్నతనంలో, ఉచ్ఛ్వాసమనే మాట బడి పుస్తకం దాటి ఇంటికి వచ్చిన గుర్తు లేదు. ఊపిరి సరిగ్గా ఆడేవాళ్ళకు దాని గురించి మాట్లాడుకునే అవసరం రాదు కాబోలు. మా ఇంట్లో ఉన్నవన్నీ అది ఆడనప్పటి మాటలే: ఆయాసం, రొప్పు, పిల్లికూతలు, డొక్కలెగరేయడం, గుక్క తిప్పుకోలేకపోవడం. వాటన్నిటి అర్థాలూ నేను ఒక్క మనిషిని చూసే నేర్చుకున్నాను. వాడు నాకంటే చాలా చిన్నవాడు, నా చంకలో పెరిగినవాడు.

మిరపకాయ ఇంటికొచ్చే రోజుల్లో మన ఇళ్ళు ఎలా ఉండేవో నా వయసువాళ్ళకు చెప్పనక్కరలేదు. కల్లంలో ఎండిన కాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరేసి, మంచివాటిని టిక్కీల్లో, అంటే పెద్ద గోతాల్లో తొక్కి, ధర వచ్చేదాకా నట్టింట్లోనే పేర్చేవాళ్ళు. మా మంచాలు ఆ గోతాల పక్కనే. కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలోనే తుమ్మేవాళ్ళు, మేము తుమ్మేవాళ్ళం కాదు, అందులో మాకు కొంత గర్వం కూడా ఉండేది.

తమ్ముడు ఇంకా బడిలో చేరని ఏడు, అలాంటి రోజుల్లోనే, ఒక మధ్యాహ్నం వాడికి ఆయాసం మొదలై దీపాలు పెట్టేవేళకు డొక్కలెగరేయడం దాకా వచ్చింది. నాన్న కాయలు వేసుకుని గుంటూరు వెళ్ళి ఉన్నాడు. గాలి తగిలితే పిల్లవాడికి ఇంకా ఎక్కువవుతుందని తలుపులన్నీ మూశారు. ముందురోజు కల్లానికి వచ్చినవాళ్ళెవరో పిల్లాడు ముద్దుగా ఉన్నాడన్నారట, ఇది దిష్టే అని నాయనమ్మ తేల్చేసింది. ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి, పిల్లవాడి చుట్టూ తిప్పి, నిప్పుల్లో వేయడం అందరికీ తెలిసిన పద్ధతే. కాయలు మాడి ఘాటు వస్తే దిష్టి లేనట్టు, ఘాటు రాకపోతే గట్టిగా తగిలినట్టు.

కాయలు నల్లబడ్డాయి, పొగ లేచింది. నాయనమ్మ దగ్గలేదు, వాణ్ణి ఒళ్ళో పెట్టుకున్న అమ్మ దగ్గలేదు, నేనూ దగ్గలేదు.

"చూశావా, చిటికెడు ఘాటు లేదు," అంది నాయనమ్మ అమ్మతో. ఎవరి కళ్ళో పాపిష్టి కళ్ళని తిట్టి, మరో గుప్పెడు తిప్పి వేసింది. మళ్ళీ ఘాటు రాలేదు. తమ్ముడు మాత్రం గుక్క తిప్పుకోలేకుండా దగ్గుతూనే ఉన్నాడు. ఆ దగ్గును మేమంతా జబ్బు కిందే జమకట్టాం.

ఆ సమయంలో వచ్చింది మా పిన్ని. అమ్మకు చెల్లెలు, బాబాయి రైల్వే ఉద్యోగం మూలంగా చీరాలలో కాపురం. సాయంత్రం బస్సు దిగి, తలుపు తోసి లోపలికి ఒక్క అడుగు వేసి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మం పట్టుకుని వంగిపోయింది. కళ్ళ వెంట ధారగా నీళ్ళు.

"ఏంటక్కా ఈ ఘాటు? పిల్లాడు చచ్చిపోతాడే!"

"ఘాటెక్కడుందే?" అంది నాయనమ్మ. హేళనకు అనలేదు, నిజంగానే అడిగింది.

పిన్ని దగ్గుతూనే వచ్చి, అమ్మ ఒళ్ళోంచి వాణ్ణి లాక్కుని వీధిలోకి పరుగెత్తింది. అమ్మ కూర్చున్నచోటనే కూర్చుని, నిప్పుల వైపు చూసి, ఖాళీ అయిన ఒడి వైపు చూసుకుంది. ఆ ముఖం నేను మరిచిపోలేదు. ఇంట్లో ఘాటు తెలిసినవాడు వాడొక్కడేనని, ఆ సంగతి అప్పటిదాకా వాడు దగ్గి దగ్గి చెబుతూనే ఉన్నాడని ఆమెకు అప్పుడు తెలిసింది.

బండి కట్టించి పేటకు తీసుకెళ్ళారు. డాక్టరు సూది వేసి, కాస్త నెమ్మదించాక, గట్టిగా ఊపిరి పీల్చమన్నాడట. "పీలిస్తే మండుద్ది," అన్నాడట మా వాడు.

ఆ తర్వాత మా ఇంట్లో దిష్టికి మిరపకాయలు కాల్చలేదు. తాలింపు వేసినప్పుడల్లా అమ్మ మూకుడు వైపు కాక వాడి ముఖం వైపు చూసేది. వాడి కనుబొమలు ముడిపడితే కాయలు వేగినట్టు, దగ్గితే మాడినట్టు. పెద్దయ్యాక వాడు దానిమీద మమ్మల్ని ఎంత ఏడిపించాడో. "మీ ముక్కులు మిర్చి యార్డులో ఎప్పుడో అమ్మేసుకున్నారక్కా, ఇంటి మొత్తానికి నాదొక్కటే మిగిలింది," అనేవాడు. అంటూనే మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేవాడు. బతికినన్నాళ్ళూ వాడు గాలిని వేడి కాఫీలా కొంచెం కొంచెంగానే పీల్చాడు. ఆ సాయంత్రం మూలంగానేనా అంటే ఏ డాక్టరూ చెప్పలేదు, అమ్మ ఏ డాక్టరునీ అడగనూ లేదు.

పిల్ల పాఠం వల్లె వేసిన ఆ మధ్యాహ్నమే పప్పులోకి తాలింపు పెట్టాను. నూనెలో కాయలు వేసి, అమ్మలాగే, ఈ ఇంటికి వచ్చినప్పుడల్లా ఉన్న అలవాటుగా, వంటింటి గుమ్మం పక్కన వాడి కుర్చీ వైపు తిరిగాను. ఖాళీ కుర్చీని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. పుస్తకం చేతిలోనే పట్టుకుని పిల్ల దగ్గుతూ వచ్చి, "మామ్మా, మాడిపోయాయి," అంది. అప్పుడు చూశాను, మూకుట్లో కాయలు బొగ్గులై ఉన్నాయి. నాకేమీ తెలియలేదు.

ఇప్పుడు టిక్కీలు కల్లం నుంచి నేరుగా కోల్డ్ స్టోరేజీకి పోతున్నాయి. మిరపకాయల పక్కన పడుకునే పిల్లలు మా వాళ్ళలో లేరు. పక్క గదిలో ఒక్క కాయ మాడితే ఇల్లంతా దగ్గుతుంది, నేను తప్ప. ఇల్లంటే అలాగే ఉండాలి. ఆనాడు మాలో ఇంకొక్కరు దగ్గి ఉంటే చాలేది.

స్టవ్ ఆపి కిటికీ తీశాను. పిల్ల కిటికీ ఊచలు పట్టుకుని గుండెల నిండా గాలి పీల్చుకుంది. అంత ఊపిరి తమ్ముడు తీసుకోగా నేను ఎన్నడూ చూడలేదు.